అలికోవో ఊరా, రయోనా, ఒక్రుగా?

రష్యాలో చెబోక్సారీ అనే సిటీలోని చువాష్ స్టేట్ యూనివర్సిటీలో మెడిసిన్ చదవడానికి మన దేశం నుంచి పిల్లలు వెళ్తున్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అడిగితే వోల్గా ఒడ్డు గురించి, హాస్టల్ గురించి, జనవరి చలి గురించి ఆపకుండా చెప్తారు. కానీ ఆ సిటీ దాటి నైరుతి వైపు బస్సెక్కితే మొదలయ్యే పల్లెల గురించి వాళ్లకీ పెద్దగా తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాదు. నాకు మ్యాపుల పిచ్చి కాబట్టి ఆ పల్లెల్లోకి దూరాను. దూరాక ఒక చిక్కుముడి తగిలింది. అక్కడ అలికోవో అనే ఊరు, దాని చుట్టూ ఉన్న నేల ఉన్నాయి. మ్యాపు మీద ఆ నేల పేరు ‘అలికోవ్‌స్కీ రయోన్’ (రయోన్ అంటే ఒక పాలనా విభాగం) అని ఉంటుంది. ఈమధ్య వచ్చిన సర్కారు కాగితాల మీద ‘అలికోవ్‌స్కీ మునిసిపల్ ఒక్రుగ్’ అని ఉంటుంది. కాస్త పాత కాగితం తీస్తే ‘అలికోవో గ్రామీణ సెటిల్‌మెంటు’ అని ఇంకో పేరు. ఇందులో ఏది కరెక్టు, ఏది తప్పు అని కొన్నాళ్లు తల బాదుకున్నాను. చివరికి తేలిందేంటంటే ఏదీ తప్పు కాదు. ఒకే నేల మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు పొరలు అవి, వాటిలో ఒక పొరని మొన్నమొన్ననే ఊడబీకారు.

ముందు అసలు ఇది ఎక్కడుందో చూద్దాం. చువాష్ రిపబ్లిక్ అంటే రష్యా సమాఖ్యలో ఒక భాగం, మాస్కోకి తూర్పున, వోల్గా నది కుడి ఒడ్డున (ఎడమ ఒడ్డున కూడా ఓ చిన్న ముక్క ఉంది, అంతా అడవే). చువాష్‌లు తమ నేలని ‘చవాష్ ఎన్’ అంటారు. విస్తీర్ణం 18,300 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, 2021 జనాభా లెక్కల్లో 11,86,909 మంది. రష్యా అనగానే మన కళ్లముందు మైళ్లకొద్దీ మనిషి కనపడని మంచు మైదానం వస్తుంది కదా, ఇక్కడ అలా కాదు. చదరపు కిలోమీటరుకి దాదాపు 65 మంది. రష్యా మొత్తం సగటు చూస్తే తొమ్మిది కూడా రాదు. అంటే రష్యా లెక్కలో ఇది కిక్కిరిసిన చోటు, ఒక ఊరి చివర నిలబడితే పక్క ఊరి కప్పులు కనిపించేంత.

ఈ రిపబ్లిక్‌లో 21 రయోన్‌లు, వాటితో సంబంధం లేకుండా విడిగా ఐదు నగరాలు. అలికోవ్‌స్కీ ఆ 21లో ఒకటి, రిపబ్లిక్‌కి పడమర వైపు మధ్యలో ఉంటుంది. విస్తీర్ణం 550 చదరపు కిలోమీటర్ల చిల్లర. రయోన్‌ని తెలుగులో జిల్లా అని రాసేస్తుంటారు గానీ సైజు చూస్తే మన మండలాలు ఓ రెండు మూడు కలిపినంతే, జిల్లా అంటే మరీ ఎక్కువ చేసినట్టు. అందుకే ఇక్కడ రయోన్ అనే రాస్తున్నాను. చుట్టూ యాద్రిన్, మోర్గౌషీ, క్రస్నోఅర్మెయ్‌స్కోయే, వుర్నారీ, షుమెర్లియా, క్రాస్నియే చెతాయ్ రయోన్‌లు. ఏ వైపు వెళ్లినా ఇంకో చువాష్ రయోనే తగులుతుంది, రిపబ్లిక్ సరిహద్దు దీనికి ఆనదు.

నేల గురించి చెప్పాలంటే ఒక్క మాట నేర్చుకోవాలి, సిర్మ. చువాష్‌లో వాగు అన్నా, వాన నీళ్లు కోసేసిన లోయ అన్నా అదే మాట. దీని అవసరం ఎందుకంటే ఉత్తర చువాషియా అంతా ఇలాంటి కోతలతో చేతి గీతల్లా చీలిపోయి ఉంటుంది. మెత్తటి నేల, పైనుంచి వసంతంలో కరిగే మంచు, దానికితోడు వందల ఏళ్లుగా అడవి కొట్టి సాగు చేయడం, అన్నీ కలిసి నేలని కోసేశాయి. ఊళ్లన్నీ ఈ కోతల అంచునే పుట్టాయి, నీళ్లు అక్కడే కాబట్టి. వాగుకి అడ్డంగా మట్టికట్ట వేసి చెరువు చేస్తారు, పశువులకీ బాతులకీ అదే, ఇళ్లు అంటుకుంటే ఆర్పడానికీ అదే. అలికోవ్‌స్కీలో పెద్ద నీళ్లంటే విలా, సోర్మా అనే చిన్న నదులు, ఆ నీళ్లు సురా నదిలోకి, సురా నుంచి వోల్గాలోకి పోతాయి. దక్షిణానికి వెళ్లేకొద్దీ నేల చదునై నల్లరేగడి వస్తుంది, కానీ ఇక్కడ ఎక్కువగా బూడిదరంగు అడవి నేల. పంట పండుతుంది, అయితే నల్లరేగడి రైతు చూసి అసూయపడేంత కాదు.

ఊరి పేర్లలోనే సగం భూగోళం దొరుకుతుంది. ‘యాల్’ అంటే ఊరు. ‘సిన్యాలీ’ అనే పేరు రిపబ్లిక్‌లో చాలాచోట్ల కనిపిస్తుంది, అది ‘సెన్ యాల్’, అంటే కొత్తూరు, రష్యన్ గుమస్తా చెవికి అలా వినపడి అలా రాసుకున్నాడు. ఇక ‘కాసీ’ అని ముగిసే ఊళ్లు ఉత్తరాన కుప్పలు. ‘కస్’ అంటే వీధి, ఊరి నుంచి విడిపోయిన పేట. తల్లి ఊళ్లో జనం పెరిగి భూమి చాలక కొన్ని కుటుంబాలు పక్క వాగు దగ్గరికి పోయి కూర్చుంటే అదో కాసీ. అలికోవ్‌స్కీలో ఎఫ్రేమ్‌కాసీ అని ఉంది, పేరు వింటే ఎవరో ఎఫ్రేమ్ గారి పేట అనిపిస్తుంది. అందుకే 550 చదరపు కిలోమీటర్లలో వందకు పైగా ఊళ్లు ఉన్నాయి, చాలావాటిలో ఒకటి రెండు వీధులే. ఈ చిన్నచిన్న ఊళ్ల లెక్క గుర్తుపెట్టుకోండి, కింద డబ్బు గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

చువాష్‌లు తమలో తాము ‘విర్యాల్’, ‘అనాత్రి’ అని రెండు రకాలుగా చెప్పుకుంటారు. వోల్గా వాలుని బట్టి ఎగువవాళ్లు, దిగువవాళ్లు. అలికోవ్‌స్కీ వాళ్లు ఎగువ వైపు. ఎగువవాళ్లు ‘ఒ’ అనే చోట దిగువవాళ్లు ‘ఉ’ అంటారు, దాంతో నోరు తెరిస్తే ఏ వైపు వాళ్లో తెలిసిపోతుంది. భాష టర్కిక్ కుటుంబంలోదే అయినా పక్కనున్న టాటర్లకి వింటే అర్థం కాదు, ఎందుకంటే ఆ కుటుంబంలో ఓగుర్ అనే కొమ్మలో ఇప్పటికీ బతికున్న భాష ఇదొక్కటే.

ఇక అలికోవో. ఇది సెలో. రష్యన్‌లో పల్లెకి రెండు మాటలున్నాయి, గుడి అంటే చర్చి ఉన్న పెద్ద ఊరు సెలో, చర్చి లేనిది దెరెవ్న్యా. సోవియట్ కాలంలో చర్చిలు మూతబడ్డా ఆ హోదాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. రయోన్ కేంద్రం కూడా పల్లెటూరే కాబట్టి ఈ రయోన్‌లో పట్టణ జనాభా అంటూ లెక్కల్లో ఒక్కరూ ఉండరు. రైలు కూడా లేదు. మాస్కో నుంచి కజాన్ వెళ్లే లైను పక్క రయోన్‌లోని వుర్నారీ మీదుగా పోతుంది. ఒక రకంగా చువాష్ చరిత్రంతా ఇందులోనే ఉంది. 1551లో ఈ ప్రాంతం మాస్కో రాజ్యంలో కలిశాక చెబోక్సారీ, త్సివిల్స్క్, యాద్రిన్ కోటలు కట్టారు (యాద్రిన్ 1590లో), ఆ కోటల్లో రష్యన్ సైనికులు, వ్యాపారులు, గుమస్తాలు. చువాష్‌లు పల్లెల్లో. పట్టణం వాళ్లది, పల్లె వీళ్లది అన్న ఈ విభజన 20వ శతాబ్దం దాకా పెద్దగా చెదరలేదు. అలికోవో మనిషికి కోర్టు పని పడితే ముందు వోలోస్ట్ (కొన్ని ఊళ్లు కలిపిన విభాగం) ఆఫీసు, దాని పైన యాద్రిన్ ఉయెజ్ద్ (జిల్లా లాంటిది), ఆపైన కజాన్ గుబెర్నియా (రాష్ట్రం లాంటిది).

పాలన మార్చినప్పుడల్లా పల్లె జనం ఎలా తీసుకుంటారో చూడాలంటే 1842 సంగతి ఒకటి చెప్పాలి. ప్రభుత్వ భూముల రైతుల మీద అప్పటి రాజధాని పీటర్స్‌బర్గ్ కొత్త సంస్కరణ తెచ్చింది, ఊరుమ్మడి దున్నకం చేయాలి, బంగాళాదుంప వేయాలి. కాగితం మీద అది కరువు కోసం దాచుకునే ఏర్పాటు. పల్లెల్లోకి వచ్చేసరికి ‘మనల్ని జార్ కుటుంబం సొంత ఆస్తి కింద రాసేస్తున్నారు’ అన్న పుకారుగా మారింది. చువాష్ రైతులు, పక్కనుండే మారి జాతి రైతులు తిరగబడ్డారు, సైన్యం దిగింది. దాన్ని అక్రామోవో యుద్ధం అంటారు, ఆ అక్రామోవో ఇప్పటి మోర్గౌషీ రయోన్‌లో ఉంది, అంటే అలికోవ్‌స్కీకి పక్కింటి గడపే. బంగాళాదుంప కోసం యుద్ధమా అని నవ్వొస్తుంది గానీ, అసలు గొడవ దుంప గురించి కాదు, తమ ఊరి భూమి మీద ఎవరి మాట చెల్లుతుంది అన్నదాని గురించి. ఇప్పుడా భూమిలోనే పెరటి నిండా దుంపలు వేసుకుంటారు, అది వేరే విషయం.

1920 జూన్ 24న చువాష్ అటానమస్ ఒబ్లాస్ట్ (స్వయంపాలిత ప్రాంతం) పెట్టారు, 1925లో అది అటానమస్ రిపబ్లిక్ అయింది. 1927 సెప్టెంబరు 5న పాత ఉయెజ్ద్, వోలోస్ట్‌లన్నీ రద్దు చేసి రయోన్‌లు గీశారు, అలికోవ్‌స్కీ అప్పుడు పుట్టిందే. ఆలోచన బాగుంది, రైతు గుర్రబ్బండి మీద పొద్దున బయల్దేరితే సాయంత్రానికి పని చూసుకుని ఇంటికి చేరాలి. కానీ ఈ గీతల్ని స్థిరంగా ఉండనివ్వలేదు. ఎప్పటికప్పుడు కలపడం, విడగొట్టడం, పేర్లు మార్చడం. 1962 చివర్లో సోవియట్ నేత క్రుష్చేవ్ దేశమంతా రయోన్‌లని పెద్దవి చేయాలని కలిపేయించాడు, ఆయన్ని దించేశాక మళ్లీ విడగొట్టారు. పేర్ల విషయం ఇంకో తమాషా. పక్కనున్న క్రస్నోఅర్మెయ్‌స్కోయే అంటే ‘ఎర్రసైన్యం’ ఊరు, కానీ చువాష్‌లో ఇప్పటికీ దాని పేరు పాతదే, త్రాక్. అలికోవో చువాష్ పేరు ఎలెక్. మన దగ్గర 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినా పెద్దవాళ్ల నోట ‘తాలూకా ఆఫీసు’ ఎన్నేళ్లు ఉండిపోయిందో గుర్తుందిగా, ఇదీ అలాంటిదే.

ఇప్పుడు అసలు ముడికి వద్దాం. సోవియట్ కాలంలో రయోన్ అంటే ఒకటే, ప్రభుత్వం. కింద సెల్‌సోవియెత్ అంటే గ్రామ సోవియట్, పైన రయోన్ సోవియట్, ఆపైన రిపబ్లిక్. 1993 రాజ్యాంగం దీన్ని రెండుగా చీల్చింది. స్థానిక స్వపరిపాలన ప్రభుత్వ యంత్రాంగంలో భాగం కాదని 12వ అధికరణంలో రాశారు. దాంతో రయోన్‌కి రెండు జన్మలు వచ్చాయి. ఒకటి పరిపాలనా విభాగంగా, అంటే మ్యాపు మీద గీత, అడ్రసులో పేరు. రెండోది మునిసిపల్ సంస్థగా, అంటే ఎన్నికైన సభ, బడ్జెట్, ఆస్తి, అప్పు ఉన్న చట్టబద్ధమైన శాల్తీ. నేల ఒకటే, పేరూ ఒకటే, చట్టం దృష్టిలో మాత్రం వేర్వేరు. రష్యన్‌లే చాలామంది ఈ తేడా పట్టించుకోరు, మరి మనం తికమకపడటంలో వింతేముంది.

2003లో వచ్చిన 131 నంబరు ఫెడరల్ చట్టం దీని కింద ఇంకో అంతస్తు వేసింది. మునిసిపల్ రయోన్, దాని లోపల గ్రామీణ సెటిల్‌మెంట్లు. అలికోవ్‌స్కీలో అలా 12 వచ్చాయి, అలికోవో, బోల్షయా విలా, తౌతోవో, యాందోబా, చువాష్ సోర్మా లాంటి పెద్ద ఊళ్ల చుట్టూ గీసినవి. ఒక్కోదానికీ సొంత సభ, సొంత హెడ్, సొంత బడ్జెట్. వినడానికి గ్రామ స్వరాజ్యమే. జనం మాత్రం దాన్ని ‘సెల్‌సోవియెత్’ అనే పిలిచారు, హెడ్ కూర్చునేది పాత గదిలోనే కాబట్టి.

మరి ఎక్కడ చెడింది? డబ్బు దగ్గర. రష్యాలో స్థానిక సంస్థలకి వచ్చే పన్నుల్లో ముఖ్యమైనది జీతాల మీద కట్టే ఆదాయపు పన్ను. అందులో 85 శాతం రిపబ్లిక్‌కి పోతుంది. మిగిలిన 15లో పల్లె ప్రాంతంలో 13 రయోన్‌కి, 2 సెటిల్‌మెంటుకి. రెండు! పైగా ఇంకో మెలిక, ఈ పన్ను మనిషి ఉండే చోట కాదు, ఉద్యోగమిచ్చే సంస్థ ఉన్న చోట జమ అవుతుంది. చువాష్ పల్లెల మగవాళ్లు చాలామంది ‘వాహ్తా’ మీద పోతారు, అంటే నెలా రెండు నెలలు మాస్కో బిల్డింగ్ పనుల్లోనో ఉత్తరాన ఆయిల్ ఫీల్డుల్లోనో చేసి వచ్చి కొన్నాళ్లు ఇంట్లో ఉండటం. వాళ్ల పన్ను అక్కడే ఉండిపోతుంది. వాళ్ల పిల్లల స్కూలు, వాళ్లమ్మ ఇంటిముందు రోడ్డు, వాళ్ల ఊరి మట్టికట్ట మాత్రం ఇక్కడ. సెటిల్‌మెంటుకి ఇక మిగిలేది భూమి పన్ను, ఇంటి పన్ను. ఒకటి రెండు వీధుల ఊళ్లలో, సగం ఇళ్లలో పెన్షన్ తీసుకునే ముసలివాళ్లే ఉంటే, అది ఎంత వస్తుందో ఊహించుకోండి. పేరుకి బడ్జెట్, నిజానికి పైనుంచి వచ్చే గ్రాంటుని జీతాలకి పంచే కాగితం.

2019లో ఫెడరల్ చట్టంలో ‘మునిసిపల్ ఒక్రుగ్’ అనే కొత్త రూపం చేర్చారు. ఒకే అంతస్తు, లోపల సెటిల్‌మెంట్లు ఉండవు. చువాషియా 2021, 2022 సంవత్సరాల్లో 21 రయోన్‌లనీ ఇలా మార్చేసింది. అంటే 21 ఒక్రుగ్‌లు, ఐదు నగరాలు, మొత్తం 26 మునిసిపాలిటీలు, అంతే. అలికోవ్‌స్కీలో 12 సభలు పోయి ఒక్కటే మిగిలింది. ఆ 2 శాతం, ఈ 13 శాతం కలిసి 15 అయి ఒకే బడ్జెట్‌లో పడుతున్నాయి. గమనించండి, కొత్తగా ఒక్క రూబుల్ కూడా రాలేదు, జేబులు కలిపారంతే. అయినా జేబులు కలపడంలో లాభం లేకపోలేదు, 12 చోట్ల 12 మంది అకౌంటెంట్లు, 12 టెండర్లు పెట్టే బదులు ఒక్కచోట పెడితే రోడ్డు చదును చేసే గ్రేడర్ బండి ఒకటి కొనేంత మిగలొచ్చు. పాత సెటిల్‌మెంటు ఆఫీసుల స్థానంలో ‘టెరిటోరియల్ విభాగం’ వచ్చింది. చాలాచోట్ల గది అదే, కుర్చీ అదే. కాకపోతే ఆ కుర్చీలో ఉన్నది ఎన్నికైన మనిషి కాదు, ఒక్రుగ్ ఉద్యోగి.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే మంచు పడ్డప్పుడు. రాత్రంతా కురిసి పొద్దున్నే వీధి మూసుకుపోయింది, అంబులెన్సు రావాలి. పాత పద్ధతిలో ఊళ్లో అందరికీ హెడ్ ఇల్లు తెలుసు, తలుపు కొట్టి తిట్టొచ్చు, ఆయన ట్రాక్టర్ ఉన్నవాడికి ఫోన్ చేసి ‘ముందు తీసెయ్, డబ్బులు తర్వాత చూద్దాం’ అనొచ్చు. డబ్బు లేకపోయినా సంతకం ఆయనది. ఇప్పుడు కాంట్రాక్టు అలికోవోలో కుదురుతుంది, విభాగం ఉద్యోగి పైకి చెప్తాడు. కొన్నిసార్లు పని ముందుకన్నా త్వరగానే అవుతుంది, ఎందుకంటే నిజంగానే బండి ఉంది. కానీ అవ్వకపోతే తిట్టడానికి దొరికే మనిషి దూరమయ్యాడు. నా మటుకు నాకు ఇదే ఈ మార్పులో అసలు నష్టం అనిపిస్తుంది. 2 శాతం బడ్జెట్ పోయిందని ఏడవాల్సిన పని లేదు. పోయింది తలుపు.

పైగా ఒక్రుగ్ హెడ్‌ని జనం నేరుగా ఎన్నుకోరు. 131 నంబరు చట్టం కింద పోటీ కమిషన్ ఒకటి అభ్యర్థుల్ని ఏరేది, ఆ కమిషన్‌లో సగం మందిని స్థానిక సభ వేస్తే సగం మందిని రిపబ్లిక్ అధినేత వేసేవాడు, తర్వాత సభ ఓటేసేది. 2020 రాజ్యాంగ సవరణల్లో స్థానిక సంస్థల్నీ ప్రభుత్వాన్నీ కలిపి ‘ఏకీకృత ప్రజాధికార వ్యవస్థ’ అన్నారు. 1993లో విడదీసిన రెండు జన్మల్ని నెమ్మదిగా మళ్లీ ఒకటి చేస్తున్నారన్నమాట, 12వ అధికరణం మాత్రం అక్షరం మారకుండా అలాగే ఉంది.

అయితే ఒక్రుగ్ చేతిలో అన్నీ ఉన్నాయనుకుంటే అదీ పొరపాటే. విలా ఒడ్డున ఒక అవ్వ ఉందనుకోండి. ఆమె మనవడి స్కూలు, ఆ స్కూలు బస్సు, ఇంటిముందు వీధి, వీధి దీపం, చెరువు కట్ట, ఇవి ఒక్రుగ్‌వి. బీపీ చూపించుకునే ‘ఫాప్’, అంటే డాక్టరు లేకుండా ఫెల్డ్‌షర్ (డాక్టరు కింది స్థాయి వైద్య ఉద్యోగి) నడిపే చిన్న ఆరోగ్య కేంద్రం, అలికోవోలోని పెద్దాసుపత్రి, చెబోక్సారీ వెళ్లే పెద్ద రోడ్డు, ఇవి రిపబ్లిక్‌వి. పెన్షన్, పోలీసు, భూమి రిజిస్ట్రేషన్, పన్నుల ఆఫీసు ఫెడరల్‌వి, వీటిలో కొన్ని రెండు మూడు రయోన్‌లకి కలిపి ‘మెజ్‌రయోన్నీ’ అనే పేరుతో పక్క ఊళ్లో ఉంటాయి. కాగితం పని ఏదైనా సరే ‘మాయ్ దొకుమెంతీ’ అనే సింగిల్ విండోలో ఇవ్వొచ్చు, లేదా మనవడు ఫోన్‌లో గొసుస్లుగీ అనే ప్రభుత్వ సేవల పోర్టల్ తెరిచి పెట్టేస్తాడు. అవ్వకి ఇదంతా ఒక్కటే, ‘రయోన్’. ఆమె తప్పని నేననను.

ఊరి స్థాయిలో మిగిలింది రెండు. ఒకటి స్తారోస్తా, అంటే ఊరి పెద్ద. 2018 చట్టంతో ఈ పదవికి ఫెడరల్ గుర్తింపు వచ్చింది, జీతం లేదు, అధికారం లేదు, ఊరి తరఫున మాట్లాడే హక్కు ఉంది. రెండోది నాకు బాగా నచ్చినది, ఇనిషియేటివ్ బడ్జెటింగ్. చువాషియాలో 2017 నుంచి జోరుగా నడుస్తోంది. ఊరివాళ్లు కూర్చుని మాకు ఫలానా వీధికి కంకర కావాలి, బావి కావాలి, శ్మశానానికి కంచె కావాలి అని తేల్చుకుని తలా కొంత చందా వేస్తే, స్థానిక బడ్జెట్ కొంత, రిపబ్లిక్ పెద్ద మొత్తం వేస్తుంది. వేలకి వేలు పోసే స్తోమత లేకపోయినా తలా కొంచెం వేశాక ఆ కంకర ఎంత మందంగా పోశారో స్కేలు పెట్టి చూసేవాళ్లు ఊరికొకరు తయారవుతారు. వాహ్తా మీద మాస్కోలో ఉన్నవాడు కూడా ఫోన్ నుంచి తన వాటా పంపగలడు, అలా కనీసం కొంత డబ్బైనా వెనక్కి వస్తుంది.

భాష గురించి కూడా ఒక మాట, ఎందుకంటే పాలనకీ దీనికీ లంకె ఉంది. రిపబ్లిక్‌లో రష్యన్, చువాష్ రెండూ అధికార భాషలు. అలికోవ్‌స్కీలో దాదాపు అందరూ చువాష్‌లే, వీధిలో మాట చువాష్‌లోనే నడుస్తుంది. కాగితం మాత్రం రష్యన్‌లో. 2018 ఫెడరల్ సవరణ తర్వాత స్కూల్లో మాతృభాష పాఠం తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరుకుంటేనే. సెటిల్‌మెంటు సభల్లో పదిమంది పొరుగువాళ్లు కూర్చునేవాళ్లు కాబట్టి చర్చ సహజంగా చువాష్‌లో సాగే వీలుండేది, పాలన కేంద్రం ఒక్కో మెట్టూ పైకి జరిగేకొద్దీ భాష కూడా మారిపోతుంది. దీన్ని ఏ సంస్కరణ పత్రంలోనూ ఖర్చు కింద రాయరు.

2025 మార్చిలో కొత్త ఫెడరల్ చట్టం వచ్చింది, 33 నంబరుది. మొదటి ముసాయిదాలో దేశమంతా ఈ ఒకే అంతస్తు పద్ధతి రావాలని ఉండేది. పక్క రిపబ్లిక్ టాటర్‌స్తాన్ గట్టిగా అడ్డుపడింది, చివరికి ఏ పద్ధతి కావాలో ఆయా ప్రాంతాలే తేల్చుకోవచ్చని రాశారు. చువాషియాకి తేల్చుకునేందుకు ఏమీ మిగల్లేదు, అప్పటికే పని అయిపోయింది. కాబట్టి ఇవాళ చువాషియా ఆగ్నేయ మూల నుంచి సరిహద్దు దాటి టాటర్‌స్తాన్‌లో అడుగుపెడితే, అవే పొలాలు, అవే చెరువు కట్టలు, కొన్నిచోట్ల చువాష్ ఊళ్లే, కానీ అక్కడ సెటిల్‌మెంటు హెడ్ ఇంకా ఉన్నాడు. మంచు పడ్డ పొద్దున కొట్టడానికి తలుపు ఉంది.